బండమీదిపల్లె బెత్తం

వికారాబాదులో రైలు స్టేషను అవతలి మైదానంలో, షామియానా కింద నిలబడి, విద్యాశాఖ ఉపమంత్రిగారు బెత్తాన్ని రద్దు చేశారు.

అది 1958, దసరా సెలవులకు కొంచెం ముందు. ఉపమంత్రిగారు ఆ పర్యటనలోనే ఒక వంతెనకు శంకుస్థాపన చేశారు, ఒక బావికి ప్రారంభోత్సవం చేశారు. కాని బెత్తం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతులో ఇంకో రకం గాంభీర్యం పలికింది.

"ఈ క్షణం నుంచి వికారాబాదు, తాండూరు తాలూకాలలో ఏ పసివాడి అరచేయీ ఎర్రబడదు. శిక్ష వెళ్లిపోయింది. ప్రోత్సాహం వచ్చింది. ఇది విద్యార్థి సత్ప్రవర్తనా ప్రోత్సాహక పథకం. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. మరొకచోట ఉందని ఎవరైనా అంటే, అది రెండోది."

చప్పట్లు మోగాయి. ఆపమని సైగ చేసేదాకా కొడుతూనే ఉండాలని డ్రిల్లు మాస్టర్లు పిల్లలకు ముందే చెప్పి పెట్టారు. సైగ చేయవలసిన పెద్దమనిషి మంత్రిగారి ముఖంలోకి చూస్తూ మైమరచిపోయాడు. అందువల్ల ముందు వరుసల పిల్లల అరచేతులు బాగా ఎర్రబడ్డాయి.

ఉపమంత్రిగారు ఇంకొక ప్రకటన కూడా చేశారు. చలికాలంలో ఆయన తాండూరు వస్తారు. రెండు తాలూకాలలోని ప్రతి బడీ తన బెత్తాన్ని ఆయన చేతికి సమర్పించాలి. ఆ బెత్తాలను గుట్టగా పోసి, నిప్పు పెట్టి, ఆ బూడిదను అనంతగిరి కొండల్లో మూసీ పుట్టిన చోట కలుపుతారు. ఆ నీళ్లు హైదరాబాదు దాకా పోతాయి కాబట్టి, అహింస కూడా అక్కడిదాకా పోతుంది.

చివరి వరుసలో కూర్చున్న ఈరయ్యకు ఈ మాటలన్నీ నచ్చాయి. ఆయన తాండూరు దాటి పెద్దేముల్ వైపు వెళ్లే దారిలో, బండల గనుల పక్కనున్న బండమీదిపల్లె బడికి పంతులు. బడికి పంతులు ఆయనొక్కడే. పథకం మంచిదే, మనకు దీనితో పని లేదు అనుకుని, సాయంత్రం రైలుకు తాండూరు వెళ్లిపోయాడు. అలా అనుకోవడం ఆయన చేసిన పొరపాటు.

ఈరయ్య గొర్రెలు కాచుకునే వాళ్ల ఇంట పుట్టాడు. ఆ ఇంట్లో అక్షరాలు వచ్చిన మొదటి మనిషి. చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నాడు. బడులు తెలుగులోకి మారినప్పుడు అదే చదువును తెలుగులో మళ్లీ చదువుకున్నాడు. ఉద్యోగం దొరికి ఏళ్లు గడిచినా ఇంకా టెంపరరీయే. ఆయన బడి ఒకే గది. కప్పు నాపరాయి, నేల నాపరాయి, పిల్లలు ఆనుకునే గోడ కూడా నాపరాయే. గనుల వాళ్లు పారేసిన ముక్కల మీదే పిల్లలు లెక్కలు చేసేవాళ్లు.

ఆ బడిలో బెత్తం లేదు. దాని వెనక సిద్ధాంతం ఏదీ లేదు. ఈరయ్య తండ్రి మంద వెనక నోటితో ఒక రకం చప్పుడు చేస్తూ నడిచేవాడు. చేతికర్రతో తుమ్మకొమ్మలు వంచేవాడు గాని గొర్రెల మీదికి ఎత్తేవాడు కాదు. కొడుక్కి అదే అలవాటు వచ్చింది. ఏ పిల్ల లెక్క సరిగ్గా చేసినా, కొట్లాడుకున్న ఇద్దరు వాళ్లంతట వాళ్లే కలిసిపోయినా, ఈరయ్య గుమ్మం దాకా వెళ్లి, వీధి చివరకు వినబడేలా పేరు పెట్టి "శభాష్" అనేవాడు. తల్లులు పనులు ఆపి, ఎవరి పిల్లను మెచ్చుకుంటున్నాడా అని బయటికి వచ్చి చూసేవాళ్లు. అంతే. ఆ పిల్ల మరునాడు ఇంకో లెక్క చేసేది. దీనికి ఒక పేరు ఉంటుందని గాని, ఆ పేరు మీద ఒక పథకం పెట్టవచ్చని గాని ఆయనకు తట్టలేదు.

*

దసరా అయిన తర్వాత పంతుళ్లందరినీ తాండూరు పిలిపించారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు శేషగిరిరావుగారు కృష్ణా ఒడ్డు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చారు. తాండూరు నిన్నమొన్నటిదాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న ఊరు కాబట్టి, ఆయన కచేరీలో కన్నడం, ఉర్దూ, తెలుగు కాగితాలు ఒకే దారంతో కట్టి ఉండేవి. ఆయన మూడు భాషల కాగితాల మీదా ఒకే ఉత్సాహంతో సంతకం పెట్టేవారు. అంతటి కార్యదక్షుడు.

పక్క కుర్చీలో పద్మనాభరెడ్డి పటేలు కూర్చున్నాడు. బంట్వారం వైపు భూములున్న మనిషి. కొత్త ఖద్దరు వేసుకుని మంత్రిగారి ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. సంఘంలో మిగతా సభ్యులు ఉన్నారో లేరో ఎవరూ అడగలేదు.

పంతుళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ బెత్తాలో, చింతబరికెలో చూపించి, తలలు వంచుకుని పోతున్నారు. ఈరయ్య ఉత్త చేతులతో నిలబడ్డాడు.

"మీ బెత్తమేదండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"మా బళ్లె బెత్తం లేదు సార్."

"మరిచిపోయి వచ్చారా?"

"లేదు సార్. మొదటికెల్లే లేదు."

ఇన్‌స్పెక్టరుగారు కలం కింద పెట్టారు. "మొదటి నుంచీ లేకపోవడమేమిటి? మరి పిల్లలను దేనితో కొడుతున్నారు?"

"కొడ్తలేను సార్."

"ఇప్పుడు కొట్టడం లేదు సరే. ఉత్తర్వు వచ్చింది గనుక కొట్టరు. అంతకు ముందు సంగతి చెప్పండి."

"ముంగట గూడ కొట్టలె సార్."

"అంటే, ఉత్తర్వు రాకముందే మీరు ఉత్తర్వును అమలు చేశారు. ఎవరి అనుమతితో చేశారు?"

అనుమతి అడగవలసిన పని చేస్తున్నానని ఈరయ్యకు అప్పటిదాకా తెలియదు.

పద్మనాభరెడ్డి కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. కష్టాల్లో ఉన్న మనిషికి నచ్చజెప్పడంలో ఆయనకు మంచి పేరుంది. "జర అర్థం చేస్కో ఈరయ్యా. మంత్రిగారు వచ్చేది మార్పు చూసెటందుకు. మొదటికెల్లి మంచిగున్నకాడ మార్పు ఏముంటది? నువ్వు ఇడిసిపెట్టాలంటే ముందుగాల పట్టుకోవాలె గద."

"నిజమే పటేలా. కాని నా తాన లేదు గద."

"లేకపోతే తెచ్చుకో. తెచ్చుకుని ఇడిసిపెట్టు. మేమంత గట్లనే చెయ్యలేదా?"

ఇన్‌స్పెక్టరుగారు బాధగా తల ఊపారు. "అన్ని బడులూ సమర్పిస్తున్నాయని మంత్రిగారికి రాసేశాను. మీ ఒక్కరివల్ల ఆ మాట తప్పవుతోంది. చూడండి, మీరు పిల్లలను కొట్టకపోవడం వల్ల ఈ తాలూకాలో శిక్ష పూర్తిగా పోకుండా ఆగిపోయింది."

ఆ మాటకు పంతుళ్లందరూ ఈరయ్య వైపు నేరస్థుణ్ని చూసినట్టు చూశారు. ఆయనకు కూడా తాను నేరం చేసినట్టే అనిపించింది.

బయటికి వెళ్లబోతుంటే ఇన్‌స్పెక్టరుగారు వెనక్కి పిలిచి, ఇంకొక సంగతి మెల్లగా చెప్పారు. పంతులొక్కడే ఉన్న చిన్న బడులను ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఆ సంవత్సరమే తేలుతుంది. ఈరయ్య పర్మనెంటు సంగతి కూడా అప్పుడే. "పథకానికి సహకరించిన బడిని ఎవరు ఎత్తేస్తారు చెప్పండి" అన్నారాయన, ఎంతో ఆప్యాయంగా.

బడి పోతే బండమీదిపల్లె పిల్లలు ఎక్కడికి పోతారో ఈరయ్యకు తెలుసు. వాళ్ల అన్నలు అప్పటికే అక్కడ ఉన్నారు. గనుల్లో బండలు మోస్తున్నారు.

*

బెత్తం కొనడం అనుకున్నంత సులువు కాలేదు. రెండు తాలూకాలలో సగం బడులకు బెత్తాలు లేవు. అక్కడి పంతుళ్లు చింతబరికెలతోనో, చేతులతోనో పని జరుపుకుంటున్నారు. చింతబరికె పట్టుకుంటే మంత్రిగారి చేతికి గీసుకుంటుందని ఇన్‌స్పెక్టరుగారు ఆ తర్వాత వాటిని ఒప్పుకోలేదు. దాంతో బడులన్నీ బెత్తాల కోసం తాండూరు బజారు మీద పడ్డాయి. బెత్తం రద్దయిన ఆ రెండు నెలల్లో అమ్ముడుపోయినన్ని బెత్తాలు అంతకు ముందు ఏ రోజుల్లోనూ అమ్ముడుపోలేదని బజారులో చెప్పుకున్నారు.

దొరికేది ఒకే దుకాణంలో. అది పద్మనాభరెడ్డి బామ్మర్దిది. ప్రజాసేవలో ఆ ఇల్లంతా ఒక్కమాట మీద ఉండేది.

"ఇడిసెటందుకా, కొట్టెటందుకా?" అని అడిగాడు దుకాణందారు.

"ఇడిసెటందుకు" అన్నాడు ఈరయ్య.

"గట్లయితే గీ రకం తీస్కపోండ్రి సార్." కొనకు ఎర్ర రిబ్బను కట్టి, నున్నగా రంగు వేసిన బెత్తం తీసి ఇచ్చాడు.

ఈరయ్య దాన్ని పంచె మడతలో దాచుకుని ఊళ్లోకి వచ్చాడు. మరునాడు బడిలో గోడకు ఆనించి పెట్టగానే పిల్లలందరూ దాని చుట్టూ మూగారు.

వాళ్లలో బుగ్గమ్మ అనే పిల్ల ముందుంది. పదేళ్లు ఉంటాయి. గొర్రెల కాపరుల పిల్లే. వాగు అవతలి మందను ఇవతలి నుంచి కేకేసి పిలవగల గొంతు ఆమెది. పాఠం చదివితే ఊరు ఊరంతా వింటుంది.

"గిదేంది సార్?"

"బెత్తం."

"దేనికి?"

"సర్కారుకు ఇచ్చెటందుకు."

"సర్కారు తాన లేదా?"

ఈరయ్య తల అడ్డంగానో నిలువుగానో ఊపాడు. ఏది సరైన జవాబో ఆయనకే తెలియలేదు. మధ్యాహ్నానికల్లా పిల్లలు ఆ బెత్తంతో బడి వెనక చింతకాయలు రాలగొట్టారు. రిబ్బను ఎవరి జడలోకో చేరింది. ఈరయ్య వెతికి తెచ్చి మళ్లీ కట్టాడు.

*

మంత్రిగారు రావడానికి ముందు, ఏర్పాట్లు చూడడానికి ఇన్‌స్పెక్టరుగారు, పద్మనాభరెడ్డి జీపులో బండమీదిపల్లెకు వచ్చారు. జీపు చూడడానికి ఊరంతా కదిలింది. ఇన్‌స్పెక్టరుగారు ముందుగా బెత్తాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఎండలోకి పట్టుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది వాడినట్టు లేదే."

"చింతకాయలు కొట్టినం సార్" అంది బుగ్గమ్మ.

"ఇందులో పశ్చాత్తాపం కనిపించడం లేదు" అన్నారాయన బాధగా. "మంత్రిగారికి ఇచ్చే వస్తువు. గతం తెలియాలి గదా."

తర్వాత పాఠం చెప్పమన్నారు. ఈరయ్య ఎక్కం అడిగితే చివర కూర్చున్న పిల్లవాడు తడబడకుండా చెప్పాడు. ఈరయ్య అలవాటు కొద్దీ గుమ్మం దాకా వెళ్లి "శభాష్" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "ఆ మాట అనకూడదండీ. అది నిజాం కాలపు మాట. ప్రోత్సాహక వాక్యాలు సర్క్యులరులో పంపించాం గదా. 'సాధు' అనాలి. బాగా సంతోషం కలిగితే 'మిక్కిలి హర్షదాయకము' అనాలి."

ఈరయ్య పిల్లవాడి వైపు తిరిగి, "సాధు" అన్నాడు.

పిల్లవాడు బిక్కమొహం వేశాడు. వాళ్ల ఇంట్లో పొడవని బర్రెను సాధు అంటారు. తాను చెప్పిన ఎక్కంలో తప్పేమిటో వాడికి అర్థం కాలేదు. అదే ఎక్కాన్ని మళ్లీ చెప్పడం మొదలుపెట్టి, ఈసారి తడబడ్డాడు.

ఇన్‌స్పెక్టరుగారు అది పట్టించుకోలేదు. ఆయన చెవి అప్పటికే బుగ్గమ్మ గొంతు మీద పడింది. తాండూరు సభలో ఒక విద్యార్థి లేచి తన మార్పు గురించి మంత్రిగారికి చెప్పాలి. అప్పటిదాకా చూసిన పిల్లలందరూ బెదిరిపోయి నీళ్లు నములుతున్నారు. చాలా ఏళ్లుగా దెబ్బలు తిన్న పిల్లలు కావడంతో ఎవరికీ గొంతు పెగలడం లేదు. ఈ పిల్ల ఒక్కతే భయం లేకుండా మాట్లాడుతోంది. మైకు లేకపోయినా పని జరుగుతుంది.

"ఈ అమ్మాయి చెబుతుంది" అన్నారాయన. జేబులోంచి కాగితం తీసి, తానే చదివి వినిపించారు. "ఒకప్పుడు మా ఉపాధ్యాయులు నన్ను కొట్టేవారు. నేను చెడ్డదానిగా ఉండేదానను. ఇప్పుడు వారు కొట్టుటలేదు. నేను మంచిదాననైనాను. ఏదీ, చెప్పమ్మా."

"మా సారు కొట్టలె" అంది బుగ్గమ్మ.

"కొట్టారనుకో."

"కొట్టంది ఎట్ల అనుకోవాలె సార్?"

"చూడమ్మా, ఇలా చెబితే నిన్ను మంచి పిల్ల అంటారు. మెడల్ ఇస్తారు."

"అబద్ధమాడితే మంచి పిల్ల అంటరా?"

బుగ్గమ్మ గడుసుతనంతో అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఇన్‌స్పెక్టరుగారు ఈరయ్య వైపు తిరిగి ఇంగ్లీషులోకి మారారు. "వెరీ ఇన్‌డిసిప్లిన్డ్" అన్నారు. జీపు ఎక్కేముందు పద్మనాభరెడ్డి ఈరయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"పిల్లతోని చెప్పించు ఈరయ్యా. నీ బడి ఫికర్ నాకుంది. నాకు తెల్వదా."

*

ఈరయ్య బుగ్గమ్మకు మొదట బుజ్జగించి చెప్పాడు. తర్వాత నాటకంలో వేషం వేసినట్టే అనుకొమ్మన్నాడు. నాటకంలో అందరికీ వేషమని తెలుసు గదా సార్, మంత్రికి తెలుసా అని ఆమె అడిగింది. తెలియదని ఒప్పుకోవలసి వచ్చింది.

చివరికి ఆయన ఉన్న సంగతి చెప్పేశాడు. నాపరాయి గోడకు ఆనుకుని కూర్చుని, పిల్లలందరూ వింటుండగా, పెద్దవాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. నువ్వు ఆ మాట చెప్పకపోతే బడి ఎత్తేస్తారు. ఎత్తేస్తే నన్ను ఎటో తోలేస్తారు. మీరంతా గనికి పోవాలె.

గనిలో బండ జారి, బుగ్గమ్మ వాళ్లన్న కిందటి సంవత్సరం చేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆమె తన కాలి బొటనవేలితో నేల మీది రాతిని గీకుతూ కూర్చుంది. తర్వాత లేచి వచ్చి ఆయన ముందు నిలబడి చెయ్యి చాపింది.

"గట్లయితే ఒక్కటి కొట్టుండ్రి సార్. గప్పుడు అబద్ధం గాదు గద."

"వద్దు. కూసో పో."

"గా సారు మళ్ల వస్తడు. కొట్టుండ్రి. నేను ఏడ్వ."

ఈరయ్య లేచి బెత్తం తీసుకున్నాడు. ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. మధ్యలో పట్టుకుని, తర్వాత కొనకు జరిపాడు. మెల్లగా తాకించాడు.

బుగ్గమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "గిది కొట్టినట్టు గాదు సార్. దుమ్ము దులిపినట్టున్నది."

ఆయన కళ్లు మూసుకుని మళ్లీ ఎత్తాడు. ఈసారి చప్పుడు వచ్చింది. ఆ రాతి గదిలో అలాంటి చప్పుడు అంతకు ముందు ఎవరూ వినలేదు. కళ్లు తెరిచేసరికి బుగ్గమ్మ అరచేతి మీద ఒక గీత లేచి ఉంది. ఆమె మాట ప్రకారం ఏడవలేదు. ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్ల ఒకతె ఏడ్చింది.

ఈరయ్య ఆ పూటకు బడి వదిలేశాడు. పిల్లలు పరుగెత్తకుండా, ఒకరి వెనక ఒకరు, చడీ చప్పుడూ లేకుండా బయటికి వెళ్లారు. బండమీదిపల్లె బడి పిల్లలు వరుసగా వెళ్లడం అదే మొదలు. ఇన్‌స్పెక్టరుగారు చూసి ఉంటే ఎంతో ముచ్చటపడేవారు. ఈరయ్య ఎండ వాలేదాకా అక్కడే కూర్చుని, తన చెయ్యి ఎవరిదో అన్నట్టు దాన్నే చూసుకుంటూ ఉండిపోయాడు.

*

తాండూరు సభ ఘనంగా జరిగింది. పొద్దున్నుంచీ పిల్లలు ఎండలో వరుసల్లో నిలబడ్డారు. కదిలినవాళ్లను కదలవద్దని ప్రోత్సహించడానికి పోలీసులు వచ్చారు. వేదిక మీద మంత్రిగారి పక్కనే బెత్తాల గుట్ట. రిబ్బన్ల వల్ల అది పెళ్లిలో సారె పెట్టినట్టుంది. అడుగున ఎక్కడో బండమీదిపల్లె బెత్తం కూడా ఉంది. దాని కొన కొంచెం చీలి ఉండడం చూసి ఇన్‌స్పెక్టరుగారు సంతోషించారు.

బుగ్గమ్మను జీపులో తెచ్చారు. ఆహ్వాన సంఘం తరఫున కొత్త లంగా, జాకెట్టు తొడిగారు. ఆమె వేదిక ఎక్కి, మైకును పక్కకు నెట్టి, తన గొంతుతోనే చెప్పింది.

"మొన్న మా సారు నన్ను కొట్టిండు. ఇప్పుడు కొడ్తలేడు."

కాగితంలో ఉన్నంత సొగసుగా లేకపోయినా విషయం అదే. ఇన్‌స్పెక్టరుగారు ఊపిరి వదిలారు. కింద పంతుళ్ల మధ్య నిలబడిన ఈరయ్య తల ఎత్తలేదు. అంతటితో అయిపోయేదే. కాని ఉపమంత్రిగారికి పిల్లలంటే ప్రేమ అని పేపర్లలో వస్తూ ఉండేది. ఆయన వంగి, బుగ్గమ్మ గడ్డం పట్టుకుని, అనుకోని ప్రశ్న ఒకటి వేశారు.

"ఏం అల్లరి చేశావమ్మా?"

"ఏం చెయ్యలె."

"మరి ఎందుకు కొట్టారు?"

"మీ ముంగట చెప్పెటందుకు."

"ఏమని?"

"కొడ్తలేడని."

సభ మొత్తం విన్నది. గొంతు అలాంటిది. పద్మనాభరెడ్డి బెత్తాల గుట్ట వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరుగారు తాను బదిలీ అయ్యే ఊరు ఏదో ఊహించుకున్నారు. ఈరయ్య మొదటిసారి తల ఎత్తాడు. ఇప్పుడు అంతా బయటపడుతుంది, బడి పోయినా పోనీ అనుకున్నాడు. ఆయనకు భయం వేయలేదు. ఛాతీ మీది బండ ఎవరో తీసేసినట్టయింది.

ఉపమంత్రిగారు నిటారుగా నిలబడ్డారు. ప్రజాజీవితంలో అంతకన్నా ఇబ్బందికరమైన నిజాలను ఎన్నో చూసిన మనిషి.

"విన్నారా" అన్నారు సభవైపు తిరిగి. "ఎంత ధైర్యం. ఎంత నిజాయితీ. మంత్రి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పాతకాలపు బడిలో చదివిన పిల్ల ఇలా మాట్లాడగలదా? ఇదీ మన పథకం ఫలితం."

డ్రిల్లు మాస్టర్లు సైగ చేశారు. చప్పట్లు మోగాయి. బుగ్గమ్మ మెడలో మెడల్ వేశారు, చేతిలో లడ్డూల పొట్లం పెట్టారు. ఈరయ్యను వేదిక మీదికి పిలిచి, కొట్టడం మానుకున్న ఉత్తమ ఉపాధ్యాయుడిగా శాలువా కప్పారు. పర్మనెంటు కాగితం కూడా అక్కడే చేతికిచ్చారు. ఆయన ఏదో చెప్పబోయాడు గాని, అప్పటికే ఫొటో తీస్తున్నారు. నోరు మూసుకుని నవ్వమని ఫొటోగ్రాఫరు చెప్పాడు.

ఇక నిప్పు పెట్టడమే మిగిలింది. అప్పుడు ఇన్‌స్పెక్టరుగారు మంత్రిగారి చెవిలో ఒక చిక్కు చెప్పారు. సమర్పించిన మరుక్షణం నుంచి బెత్తాలు ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని తగలబెట్టాలంటే ఆడిట్ వాళ్ల అనుమతి కావాలి. మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించి, పళ్లెంలో కర్పూరం తెప్పించి, బెత్తాల గుట్టకు హారతి ఇచ్చారు. పంతుళ్లందరూ వరుసగా వచ్చి హారతి కళ్లకద్దుకున్నారు.

*

మరుసటి జూన్‌లో బడి తెరిచేసరికి సర్క్యులరు వచ్చింది. తాండూరు సభ అపూర్వ విజయం సాధించినందువల్ల బెత్తాల సమర్పణ ఇక ఏటా జరుగుతుంది. అందుకు వీలుగా ప్రతి బడికీ ఒక బెత్తం ప్రభుత్వమే ముద్ర వేసి అందజేస్తోంది. దానిని జాగ్రత్తగా వాడుకలో ఉంచి, చలికాలంలో సమర్పించవలెను. ప్రతి బడీ శిక్ష నుంచి ప్రోత్సాహానికి మారిన విద్యార్థి ఒకరిని పంపవలెను. ఒకసారి మారిన విద్యార్థి మరల మారుటకు అర్హుడు కాడు.

కింద శేషగిరిరావుగారి సంతకం ఉంది. ఆయన ఇప్పుడు హైదరాబాదులో ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నారు.

ఈరయ్య సర్క్యులరును, బెత్తాన్ని చంకన పెట్టుకుని బడికి వచ్చాడు. గదిలో దాన్ని ఎక్కడ దాచాలా అని చూస్తుండగా వెనక చప్పుడైంది. సర్క్యులరు సంగతి ముందే విని పిల్లలు వచ్చేశారు. ఎవరూ కూర్చోలేదు. గోడ పొడుగునా నిలబడి, చేతులు చాపి ఉన్నారు. బుగ్గమ్మ ఒక్కతే దూరంగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉంది. జీపు ఎలా కుదిపిందో, లడ్డూలో జీడిపప్పు ఎలా తగిలిందో ఆమె చెప్పకపోయినా ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె మెడల్‌ను వాళ్ల అమ్మ దేవుడి గూట్లో పెట్టింది.

"ఈసారి నన్ను కొట్టుండ్రి సార్" అన్నాడు మొదటివాడు.

"నేను ముందుగాల చెప్పిన సార్" అన్నాడు రెండోవాడు.

"కూసోండ్రి" అన్నాడు ఈరయ్య. ఎవరూ కూర్చోలేదు. "కూసోమంటే వినవడ్తలేదా" అని గొంతు పెంచాడు. ఆశగా మరో నాలుగు చేతులు లేచాయి.

ఆయన తప్పించుకుని గుమ్మం వైపు నడిచాడు. గుమ్మంలో బీరమ్మ ఉంది. గనిలో కంకర కొట్టే మనిషి. పని మానుకుని, తలకు నూనె రాసి జడ వేసిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మా బిడ్డ ఏం తప్పు చేసింది సారూ?" అంది. "ఒక్కనాడు బడి ఎగ్గొట్టలె. చెప్పినంత చదువుతది. బుగ్గమ్మను కొట్టిండ్రు. దీన్ని ఎందుకు కొడ్తలేరు?"

అంటూ కూతురి చెయ్యి పట్టుకుని, అరచేయి పైకి తిప్పి, కొంగుతో తుడిచి, ఆయన ముందుకు చాపింది.